ముప్పై ఎనిమిది రోజుల నెల

ధనంజయ బండరాయి మీద ఎక్కి, మునివేళ్ల మీద నిలబడి, మీటరు అద్దాన్ని చొక్కా కొసతో తుడిచాడు. అంకె చూసుకుని చేతిలోని మిషనులో కొట్టాడు. మిషను కీచుమని బిల్లు కాగితాన్ని బయటపెట్టింది. దాన్ని చింపి తలుపు గొళ్లేనికి దోపి పక్కింటికి నడిచాడు.

చంద్రగిరిలో కోట వెనక వీధుల్లో పందొమ్మిదేళ్లుగా అతనిది ఇదే పని. కరెంటు ఆఫీసు మనిషి అంటారు గానీ ఆఫీసులో అతని పేరు లేదు. భానుచందర్ అనే కాంట్రాక్టరు కింద, మీటరుకు ఇంత అని కూలి. పొట్టి మనిషి. పైకి చూసి చూసి మెడ కొంచెం వెనక్కి వాలిపోయింది. ఆ వీధుల్లో కుక్కలు అతన్ని చూసి మొరగడం ఎప్పుడో మానేశాయి. బిల్లు చూసి మనుషులు అరవడం మాత్రం ఇంకా మానలేదు. పోయిన నెల వచ్చిన జ్వరం వంట్లోంచి పోయింది గానీ మోకాళ్లలో మిగిలిపోయింది. బండరాయి దిగేటప్పుడల్లా గోడ పట్టుకుంటున్నాడు.

ప్రతి మీటరులో చిన్న ఎర్ర దీపం ఒకటుంటుంది. ఇంట్లో కరెంటు వాడేకొద్దీ అది గబగబా కొట్టుకుంటుంది. దాన్ని చూసి లోపల గ్రైండరు తిరుగుతోందో, ఇస్త్రీ చేస్తున్నారో ధనంజయ బయటి నుంచే చెప్పగలడు.

వీధి చివర మునిరత్నమ్మది రేకుల ఇల్లు. అతను మీటరు అద్దం చొక్కా కొసతో తుడిచి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. దీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

ఆమె గడపలో కూర్చుని, తలమీద తడిగుడ్డ వేసుకుని కనకాంబరాలు కడుతోంది. డెబ్బై దాటిన మనిషి. చేతివేళ్లు మాత్రం దారంలో చకచకా ఆడుతున్నాయి.

"ఏం నాయనా, పొద్దన్నే లెక్క సూసేదానికి వస్తివా?"

"ఫ్యాను ఆపేసినావేం పెద్దమ్మా? రేకులు నిప్పుల మాదిరి ఉండాయి."

"అది తిరిగితే నీ మిషను నోరు తెరస్తాది. పోయిన నెల తెరిసింది సాల్దా? నేనే ఒళ్లు తెలవకుండా కాల్సేసినా. ముసిల్దానికి గాలి కావాల్సొచ్చెనే!" అని బోసినోటితో నవ్వింది.

ఆమె ఎక్కువేం కాల్చలేదు.

జరిగింది ఆ వీధిలో అతనికొక్కడికే తెలుసు. నెలకోసారి, ముప్పై రోజులకు చూడాల్సిన మీటరు. పోయిన నెల జ్వరంతో అతను ఎనిమిది రోజులు మంచం దిగలేదు. భానుచందర్ ఇంకో మనిషిని పంపలేదు. లేచి వచ్చేసరికి ముప్పై ఎనిమిది రోజుల కరెంటు ఒక్క నెల కింద పడింది. మిగతా ఇళ్లకు అది పెద్ద తేడా కాలేదు. నెలకు ఇన్ని యూనిట్లని ఒక గీత ఉంటుంది, అది దాటితే రేటు పెరుగుతుంది. మునిరత్నమ్మ ఎప్పుడూ ఆ గీతకు జానెడు ఇవతలే ఉండే మనిషి. ఆ ఎనిమిది రోజులు ఆమెను గీత దాటించాయి. ఆమె తన తప్పే అనుకుంది. ఆ రోజు నుంచి ఫ్యాను ముట్టుకోలేదు. నిజం చెబితే వీధి వీధంతా మీదికొస్తుందని, పని పోతుందని అతను నోరు మెదపలేదు.

"ఈపొద్దు తిరపతిలో పెద్ద మీటింగు ఉండాది. కరెంటు రేట్లు తేల్చే అయ్యవార్లు వస్తా ఉండారు. నీ బిల్లు సంగతి ఆడ చెప్తా. సాయంత్రం వచ్చి నీకొక మాట చెప్పాల. అందాక ఫ్యాను వేసుకో."

"నువ్వొచ్చి సెప్పినాకనే ఏసుకుంటాలే. నా పేరు మాత్రం ఎత్తొద్దు నాయనా. ముసల్ది కరెంటంతా తాగేసిందని నవ్వుతారు."

అతనే లోపలికి వెళ్లి స్విచ్చు వేశాడు. ఫ్యాను మూలిగి తిరిగింది. బయటికొచ్చి చూస్తే మీటరులో దీపం మెల్లగా కొట్టుకుంటోంది. అతను వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశాడు. మునిరత్నమ్మ గడపలో లేదు. దీపం ఆగిపోయింది.

తిరుపతిలో విచారణ హాలు బయట వకుళాదేవి టీచరు నల్లసంచితో నిలబడి ఉంది. రిటైరై పదేళ్లయింది. రేట్లు పెంచుతామన్న ప్రతిసారీ వినియోగదారుల తరఫున వచ్చి మాట్లాడేది ఆమే. పోయిన వారం ఆమె ఇంటి మీటరు చూసేటప్పుడు ధనంజయ ఈ సంగతి ఆమెకొక్కదానికే చెప్పాడు.

"నేను చెప్తే కాగితం మీద ఒక అభ్యంతరం అవుతుంది ధనంజయా. నువ్వు చెప్తే సాక్ష్యం. నాకిచ్చే మూడు నిమిషాలు నువ్వు తీసుకో. భయమా?"

"భయమే టీచరమ్మా. అయినా చెప్తా."

లోపల ఏసీ హాలులో ఇద్దరూ వెనక వరుసలో కూర్చున్నారు. టీచరమ్మ వంతు వచ్చింది. ఆమె లేచి, తన బదులు ఈయన మాట్లాడతాడని చెప్పి మైకు అతని చేతికిచ్చింది. ఎత్తున కూర్చున్న పెద్దల వైపు అతను అలవాటుగా మెడ వెనక్కి వాల్చి చూశాడు.

"అయ్యా, నేను మీటర్లు చూసేవాణ్ణి. జరం వచ్చి ఎనిమిది దినాలు ఆలస్యంగా పోయినాను. మిషనుకు యూనిట్లే గానీ దినాలు తెలవవు. ముప్పై ఎనిమిది దినాల కరెంటును ఒక నెలగా కొట్టేసింది. ఒక పెద్దమ్మ గీత దాటిపోయింది. ఆయమ్మ ఎక్కువేం వాడలేదు. తప్పు నాది. ఆలస్యమైతే దినాల లెక్కన ఆ గీతను కూడా జరపండయ్యా. ఇంతే."

మధ్యలో కూర్చున్న పెద్దాయన సర్వీసు నంబరు అడిగాడు. ధనంజయ కాగితం చూడకుండా చెప్పాడు. పేరు మాత్రం ఎత్తలేదు. పెద్దాయన కరెంటు అధికారుల వైపు తిరిగి, "ఆ బిల్లు వారంలో సరిచేసి మాకు చూపించండి. దినాల లెక్క సంగతి మేం పరిశీలిస్తాం" అన్నాడు.

బయటికి రాగానే ఫోను మోగింది. భానుచందర్.

"ఏం ధనంజయా, మైకులో బాగా వాయించినావంటనే! రేపు పొద్దున మిషను ఆఫీసులో ఇచ్చేసి పో. నీకింక ఈడ పని లేదు."

"సరేప్పా" అన్నాడు ధనంజయ. ఫోను జేబులో పెట్టుకుని, రోడ్డు పక్కన తాటిముంజలు కొన్నాడు. మునిరత్నమ్మకు పళ్లు లేవు కదా అని లేతవి ఏరించాడు. బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏ మాట ముందు చెప్పాలి? తప్పు నాదని ముందు చెప్పాలా, బిల్లు తగ్గుతుందని ముందు చెప్పాలా? చంద్రగిరి వచ్చేదాకా అదే ఆలోచన.

వీధి మలుపులో షామియానా కనిపించింది. మునిరత్నమ్మ పక్కింటి కృపామణి ఎదురొచ్చింది.

"మధ్యాన్నం పూలు కడతా కడతా గోడకు ఒరిగిపోయిందన్నా. నిద్ర అనుకున్యాం. ఎండదెబ్బంట. కూతురు సూరత్ నుంచి రావాల. రేపు సాయంత్రం దాకా పెట్టాల."

రేకుల కింద ఇరుకు గదిలో అద్దాల ఫ్రీజరు పెట్టె. అందులో మునిరత్నమ్మ. అద్దం లోపలివైపు మంచు పట్టి ఆమె మొహం సరిగా కనిపించలేదు. పైన ఫ్యాను కదలకుండా ఉంది. ధనంజయ ముంజల సంచిని పెట్టె కాళ్ల దగ్గర దించాడు.

"పోయిన నెల బిల్లు ఆయమ్మ తప్పు కాదమ్మా. నాది" అన్నాడు కృపామణితో.

"ఇప్పుడెందుకులేన్నా అయ్యన్నీ" అంది ఆమె, అతని భుజం మీద చెయ్యి వేసి.

అతను బయటికొచ్చాడు. భుజానున్న సంచిలో మిషను బరువుగా ఉంది. లోపల ఫ్రీజరు పెట్టె వైరు గోడ వెంబడి, ఫ్యాను స్విచ్చు పక్కనున్న ప్లగ్గులోకి పోయింది. గోడమీద, పొద్దున అతను చొక్కా కొసతో తుడిచిన అద్దం వెనక, మునిరత్నమ్మ మీటరులో ఎర్ర దీపం గబగబా, ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంటోంది.