అత్తాకోడళ్ళ సబ్బు

నీళ్ళలో కాస్టిక్ సోడా పొయ్యాలి గానీ సోడాలో నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే పొంగి మొహమ్మీదికొస్తుంది. ఈ కథ చెప్పేవాడికి సబ్బు గురించి తెలిసింది ఇంతే. మిగతాది ఒళ్ళు రుద్దుకోవడం, అదీ రోజూ కాదు.

ఆ ఇంటి అత్తాకోడళ్ళకి మాత్రం అంతా తెలుసు. పొద్దున్నే వంటింటి కిటికీలు బార్లా తీసి, కోడలు మూతికి గుడ్డ కట్టుకుని సోడా కలిపేది. అది చల్లారాక అత్త దాన్ని కొబ్బరినూనెలోకి సన్నటి ధారగా వంపేది. గరిటెతో గీసిన గీత చెరక్కుండా నిలిచేదాకా ఇద్దరూ వంతులేసుకుని కలిపేవాళ్ళు. తర్వాత చెక్క అచ్చుల్లో పోసి, పాత దుప్పటి కప్పి, మర్నాడు ముక్కలు కోసి, అటక మీద ఆరబెట్టేవాళ్ళు.

ఆ సబ్బులో ఏ సెంటు కలిపినా ఒకటే. రుద్దుకున్నాక ఒంటి మీద మిగిలేది, ఆ మనిషి ఎవరి మీద బెంగ పెట్టుకున్నాడో వాళ్ళ వాసనే. వీధిలో అందరికీ అది అలవాటే. దర్జీ దగ్గర పసిపిల్లల పాలవాసనొస్తే, "మనవరాల్ని చూసి రావయ్యా, మా బట్టలెక్కడికీ పోవు" అని పంపేవాళ్ళు. కొత్తగా పెళ్ళయిన కాంపౌండరు దగ్గర పుట్టింటికెళ్ళిన పెళ్ళాం వాసన రాక, తన తల్లి వంటింటి వాసనొచ్చేసరికి, పెళ్ళాం తిరిగొచ్చాక ఆ ఇంట్లో చాన్నాళ్ళు మాటల్లేవు. బుద్ధిమంతులు కొందరు ఉత్త నీళ్ళతో కానిచ్చేవాళ్ళు.

అత్త ఒంటి మీద ఎప్పుడూ ఇంజన్ ఆయిలు, దాని కింద ఉప్పు. కొడుకు వాసన. ఓడలో ఇంజన్ పనికెళ్ళినవాడు తిరిగి రాలేదు, ఓడా రాలేదు. పోయాడని ఎవరూ చెప్పలేదు గనక ఆవిడ ఏడవలేదు. కోడలి మీదా అదే వాసన. ఇద్దరూ స్నానాలు చేసొచ్చి కూర్చుంటే, వాడు పక్కగదిలో బట్టలు మార్చుకుంటున్నట్టే ఉండేది.

అలాంటిది, కొన్నాళ్ళుగా కోడలి దగ్గర గులాబీ వాసనొస్తోంది. గులాబీ వాసనొచ్చే మగాడెవడా అని అత్త వీధంతా ఆలోచించి, చివరికి నీళ్ళ డ్రమ్ము వెనక చెయ్యి పెట్టింది.

"ఏమిటే ఇది?" చచ్చిన ఎలకని తోక పట్టుకున్నట్టు పట్టుకుని చూపించింది.

"సబ్బు, అత్తయ్యా."

"సబ్బులమ్మే కొంపలో కొన్న సబ్బా! వీధివాళ్ళు చూస్తే నవ్విపోరూ?"

"మనది ఒంటికి పడట్లేదు."

"ఇన్నేళ్ళూ పడిందిగా. వెళ్ళు, మనదాంతో పోసుకురా."

"వద్దత్తయ్యా. మీరు తట్టుకోలేరు."

అత్త మగ్గు తెచ్చి చేతికిచ్చింది.

తడిజుట్టుతో బయటికొచ్చిన కోడలి దగ్గర చెక్కపొట్టు వాసన, వార్నిష్ వాసన. అచ్చులు చేసిచ్చే వడ్రంగిది.

"అడిగాడా?"

"అడిగాడు. రానన్నాను. అప్పట్నుంచి ఇటు రావడం మానేశాడు."

"ఎందుకు రానన్నావే?"

"ఆయన వాసన మీ ఒక్కరి మీదే మిగిలిపోతుందని."

అత్త గరిటె తీసుకుని కడగడం మొదలుపెట్టింది. అది అప్పటికే కడిగిన గరిటె.

మర్నాడు సబ్బు ముక్క గుడ్డలో చుట్టుకుని వడ్రంగి షెడ్డుకెళ్ళింది.

"చేతులు కడుక్కో."

"అన్నం తెచ్చావా పెద్దమ్మా?"

"వేళాకోళాలు తర్వాత."

సబ్బు చూడగానే అతను వెనక్కి తగ్గాడు. "దాంతో వద్దు పెద్దమ్మా. లోపలివన్నీ బయటపడతాయ్."

"పడనీ."

కుళాయి కింద కడుక్కున్నాడు. ఆవిడ ఆ చేతుల్ని ముక్కు దగ్గరికి లాక్కుంది. వెచ్చబడ్డ కొబ్బరినూనె, మూతిగుడ్డలో ఊరిన చెమట, ఇన్నేళ్ళు తన పక్క మంచం మీద ఆరిన తడిజుట్టు.

"చిరగని చొక్కా ఉందా నీకు?" అని అడిగింది.

"ఒకటుంది."

"అది వేసుకునిరా. వచ్చి తీసుకెళ్ళు."

తీసుకెళ్ళే రోజు కోడలు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"వెళ్ళవే తల్లీ, గుమ్మానికి అడ్డంగా! సోడా ఘాటుకి నా కళ్ళు మండిపోతున్నాయి," అంది అత్త.

ఆ రోజు ఆ ఇంట్లో సోడా డబ్బా మూతే తియ్యలేదు.

తెల్లారి ఆవిడ స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకుని, అలవాటుగా మోచెయ్యి వాసన చూసుకుంది. కొబ్బరినూనె. తడిజుట్టు. మళ్ళీ రుద్దింది. మోకాళ్ళు, మెడ, అరిచేతులు, బకెట్టులో నీళ్ళు అయిపోయేదాకా రుద్దింది. ఇంజన్ ఆయిలు లేదు. ఉప్పు లేదు.

తడి గచ్చు మీద కూలబడి, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.

గోడవతల దర్జీ భార్య చేస్తున్న పని ఆపి విన్నది.

"ఏమయిందే?" అన్నాడు దర్జీ.

"వాళ్ళబ్బాయి పోయాడు," అని, పొయ్యి ఆర్పేసి, చేతులు తుడుచుకుంటూ ఆ ఇంటికి బయల్దేరింది.