తాత్యా ఇంట్లో కీబోర్డు

మా పాల సొసైటీ కంప్యూటరుకి కీబోర్డు ఉండదు. చైర్మన్ సర్జేరావ్ తాత్యా దాన్ని పీకి తన ఇంట్లో పెట్టుకున్నాడు. "చేతికందితే ఎవడైనా వెన్న శాతం మార్చేస్తాడ్రా" అంటాడు. ఊళ్లో ఆ హక్కు తనొక్కడిదే అనుకుంటాడు కాబోలు.

కరెంటు ఉన్నంతసేపు బాధ లేదు. తూకం, వెన్న పరీక్ష అన్నీ దానంతటదే ఎక్కించుకుంటుంది. పోయి వచ్చిందా, ఆ ముసలి పెట్టె "కీబోర్డు లేదు, ముందుకెళ్లాలంటే ఒక మీట నొక్కండి" అని తెరమీద రాసి కూర్చుంటుంది. చేతుల్లేనివాణ్ణి చప్పట్లు కొట్టమన్నట్టు.

ఎండాకాలం ఒక సాయంత్రం అదే జరిగింది. సొసైటీలో పాలు కొలిచేది నేనే, తాత్యాకి ఫోన్ చేశాను.

"తాత్యా, లైను ఆగిపోయింది."

"భోంచేస్తున్నా. పాలేమన్నా కాళ్లొచ్చి పారిపోతాయా?"

లైన్లో చివరన, మా అందరికీ పిన్ని వరసైన హౌసా మావ్‌శీ ఉంది. ఒక్క గేదె మీద బతికే మనిషి. పొలాల అవతల నాలుగు గుడిసెల వస్తీ నుంచి నడిచొస్తుంది. తడిగుడ్డ కప్పిన క్యాన్ చుట్టూ ఈగలు ముసురుతుంటే కొంగుతో విసురుతూ నిలబడింది.

తాత్యా తీరిగ్గా వచ్చాడు. కీబోర్డుని తువాల్లో చుట్టి పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. విప్పితే మీటల సందుల్లో అటుకుల చివడా పొడి, దాన్ని లాక్కెళ్తున్న చీమలు, ఎండిన బొద్దింక కాలు. అప్పటిదాకా పళ్లు కుట్టుకుంటున్న వేలితోనే మీట నొక్కాడు.

మావ్‌శీ వంతొచ్చేసరికి పాలు విరిగాయి.

"విరిగిన పాలు తెస్తావా? ఇంకోసారి తెచ్చావంటే నీ సభ్యత్వం కొట్టేస్తా" అన్నాడు తాత్యా.

"ఇంటి దగ్గర బాగానే ఉన్నాయి తాత్యా. ఇక్కడ నిలబడే..."

"గేదెని కడుగు ముందు!"

లైన్లో వాళ్లంతా తమ తమ క్యాన్ల మూతలు సర్దుకున్నారు. వాళ్లని చూసినా నాకు రోతే పుట్టింది. పాలన్నీ కొలిచాక తాత్యా పొగాకు ఉమ్మడానికి బయటికెళ్లి, అక్కడెవరితోనో రాజకీయాల్లో పడ్డాడు. కీబోర్డు ఇంకా తగిలించే ఉంది. పెట్టెని ఆపి, మళ్లీ వేసి, లోపలి అమరికల్లోకి వెళ్లాను. కీబోర్డు లేకపోయినా ఆగకుండా లేవమని చెప్పి వచ్చాను. పని చిన్నదే. వేళ్లకంటిన జిడ్డు మాత్రం సబ్బుకి లొంగలేదు.

మర్నాడు కరెంటు పోయింది, వచ్చింది. పెట్టె కాసేపు గురకపెట్టి తనంతట తనే లేచింది. ఫోన్ కోసం ఎదురుచూసి విసుగెత్తిందేమో, తాత్యా చంకలో మూటతో దిగాడు.

"ఎవడ్రా దీన్ని లేపింది?"

"నేనే. కీబోర్డు లేకపోయినా లేవమన్నాను."

"నన్నడక్కుండానా? మళ్లీ ఎప్పట్లా చెయ్!"

"చెయ్యను తాత్యా. తెలిస్తే నువ్వే చేసుకో."

ఆయనకి ఎక్కడ నొక్కాలో తెలియదు. మూట చంకలో పెట్టుకుని తూకానికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక నుంచి మావ్‌శీ అంది: "తాత్యా, దారి వదులు. నా పాలు విరిగితే మళ్లీ నన్నే తిడతావు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన జరిగాడు. ఆమె పాలు పోశాను, పరీక్షలో నిలిచాయి. తాత్యా గడపమీదే ఇంత పొగాకు ఉమ్మేసి వెళ్లాడు. ఆడవాళ్లు క్యాన్లు పక్కకి లాక్కున్నారు. చెంబుడు నీళ్లు కుమ్మరించి, తర్వాతి వాళ్లని పిలిచాను.