సాయిలు పక్కన జాగ

ఫలక్‌నుమా స్టేషను దాటి పట్టాల వెంట దక్షిణంగా నడిస్తే బండల మధ్య ఒక సమాధుల తోట ఉండేది. 1977లో దాని చుట్టూ ఇంకా జొన్న చేలే. రైల్వేలో పనిచేసే క్రైస్తవ కుటుంబాలూ, దగ్గరి రెండు పల్లెలవాళ్లూ తమ వాళ్లను అక్కడే పూడ్చేవారు. తోట నిండిపోయింది. ఎవరైనా చనిపోతే, ఆ కుటుంబం ముందే పట్టి ఉంచుకున్న జాగలోనే గుంట తవ్వాలి.

కృష్ణమ్మ తన జాగను భర్త సాయిలు చనిపోయిన రోజే పట్టింది. సాయిలు రైల్వేలో పట్టాలు సరిచూసే గ్యాంగ్‌మన్. అతని గుంటకు ఎడమపక్క బండ ఉంది. కుడిపక్క ఎవరిదో పాత సమాధి రాయి ఉంది. ఆ రాయికీ తన భర్తకూ మధ్య ఒక మనిషి పట్టేంత నేల వదిలి తవ్వమని ఆమె చెప్పింది. రెండేళ్లకు అత్తగారు పోతూ, తనను కొడుకు గుంటలోనే పెట్టమంది. అలాగే పెట్టారు. ఒక గుంటలో ఇద్దరికి మించి పెట్టకూడదని సంఘం నియమం.

"బతికినన్ని దినాలు నడుమ అత్తనే. చచ్చినంక గూడ ఆమెనే. గందుకే నా జాగ పక్కకు పట్టుకున్న," అనేది కృష్ణమ్మ.

ఆ పాత రాయి మీద అక్షరాలు మట్టి పట్టి మసకబారి ఉండేవి; కృష్ణమ్మకు చదువు రాదు. ఏటా ఈస్టరు ముందు శనివారం అందరూ తమ సమాధులకు సున్నం కొట్టి, ఆదివారం తెల్లవారుజామున పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించేవారు. సాయిలు పోయిన తరువాత వచ్చిన మొదటి ఈస్టరుకు గాలికి కృష్ణమ్మ కొవ్వొత్తి నిలవలేదు. ఎన్నిసార్లు ముట్టించినా ఆరిపోయింది. చివరికి దాన్ని పాత రాయి చాటున పెట్టింది. అది తెల్లవారేదాకా వెలిగింది. మరుసటి ఏడు శాలిబండలో సున్నం కొన్నప్పుడు ఆ రాయికి కూడా కలిపి కొన్నది. అప్పటినుంచి ఆ రాయి 'తాత' అయింది. కొడుకు ఆనందరావు మెట్రిక్ పాసైన సంగతీ, వాడికి స్టేషనులో బుకింగ్ క్లర్కు ఉద్యోగం వచ్చిన సంగతీ, మనవరాలు పుట్టిన సంగతీ ఆమె మొదట సాయిలుకు, తరువాత తాతకు చెప్పింది. చెప్పేటప్పుడు ఇద్దరి మధ్య ఉన్న తన జాగలో కూర్చునేది.

1977లో, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలైనప్పుడు, నయాపూల్ దగ్గర ఒక ఆఫీసులో పనిచేసే కమలకుమారి పాస్టరు దగ్గరికి వచ్చింది. ఆమెది బాపట్ల. తండ్రి జీవరత్నం రిటైరైన బడి పంతులు. తమ వంశచరిత్ర రాస్తున్నాడు. ఆయన తండ్రి దేవసహాయం ఈ లైనులో రైల్వే కంపౌండరుగా చేసి ప్లేగులో పోయాడు. తల్లి కూడా ఆ రోజుల్లోనే పోయింది. ఆరేళ్ల జీవరత్నాన్ని మేనమామ వచ్చి బాపట్లకు తీసుకుపోయాడు. వాళ్లను ఎక్కడ పూడ్చారో ఆ మేనమామకూ తెలియదు. సంఘం పాత రిజిస్టరును చెదలు తిన్నాయి.

"రాళ్ల మీది పేర్లన్నీ రాసుకోండమ్మా. మాకూ పనికొస్తుంది," అన్నాడు పాస్టరు. ఆదివారాలు ఆరాధన తరువాత ఆమెకు సాయం చేయమని సంఘ కార్యదర్శి అయిన ఆనందరావుకు చెప్పాడు. పని ముగిసేదాకా ఎవరూ సున్నం కొట్టకూడదని గుడిలో ప్రకటించాడు.

పని ఒక పద్ధతిలో సాగింది. గుంటలు తవ్వే ఎల్లప్ప ముందుగా రాయి మీద తడి గోనె కప్పేవాడు. సున్నం నానాక ఆనందరావు వెదురు బద్దతో గీకేవాడు. ఇనుము వాడితే అక్షరం పోతుంది. గీకిన చోట బొగ్గు పొడి రుద్దితే చెక్కిన గీతలు నల్లగా తేలేవి. ఆనందరావు చదివేవాడు, కమలకుమారి రాసుకునేది. రాయి ఏ వరుసలో ఉంది, పక్కన ఎవరున్నారు, అవి కూడా రాసేది. దేవసహాయం పేరు ఎక్కడా రాలేదు.

ఈస్టరుకు ముందు ఆదివారం, మట్టలాదివారం నాడు, వాళ్లు చివరి వరుసకు వచ్చారు. కృష్ణమ్మ అన్నం గిన్నె పట్టుకుని వచ్చి, తాత మీద తడి గోనె చూసింది.

"ఏంది బిడ్డా, మా తాతకు తానం పోస్తున్నరా?"

"మీ తాతగారాండీ?" అని అడిగింది కమలకుమారి.

"కాదమ్మా. ఎవలో తెల్వది. ఎవలూ రారు. గందుకే మాకు తాతైండు." కృష్ణమ్మ తన జాగలో కూర్చుని గిన్నె మూత తీసింది. "మెల్లగ గీకురి. ఆయనకు నా చేతి సున్నం అలవాటు."

"నీ సున్నంతోటే లొల్లి అమ్మా," అన్నాడు ఆనందరావు. "ఏటేటా పూసి పూసి అక్షరాలన్నీ మూసేసినవ్."

"తెల్లగుండాలె గదరా. చదువుతరని నాకేం తెల్సు?"

సున్నం పొరలు పొరలుగా ఊడింది. ఎల్లప్ప పెచ్చులు ఎత్తి పారబోశాడు. మొదట 'కంపౌండరు' అన్న మాట తేలింది. కమలకుమారి రాయడం ఆపింది. ఆనందరావు దాని పక్కన గీకాడు. 'దేవసహాయము' అన్న పేరు వచ్చింది.

కమలకుమారి రాయి ముందు కూర్చుండిపోయింది.

"మా తాతయ్యేనండీ," అంది.

"అయ్యో తల్లీ!" కృష్ణమ్మ ఆమె భుజం పట్టుకుంది. "ఇన్నొద్దులకు వచ్చినవా? నేను జెప్తనే ఉన్న ఈయనకు, ఎవలన్న వస్తరు, ఫికర్ జెయ్యకు అని. మనిద్దరం అక్కచెల్లెండ్లమే ఇగ. తిను, ఓ ముద్ద తిను."

అందరూ నవ్వారు. ఎల్లప్ప కూడా నవ్వాడు. కింద ఇంకో రెండు వరుసలున్నాయి. ఆనందరావు వాటిని గీకి, బొగ్గు రుద్ది, మనసులో చదువుకున్నాడు. తరువాత వెదురు బద్దను గడ్డికి తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"చదవండి," అంది కమలకుమారి, కృష్ణమ్మ పక్కన కూర్చుని పుస్తకం తెరుస్తూ.

ఆనందరావు తన తల్లి వైపు చూశాడు. ఆమె అన్నం కలుపుతోంది. ఆ రెండు వరుసలు అరిగిపోయాయన్నా అప్పటికి నమ్మేవాళ్లే. పని ఒప్పుకున్నప్పుడు మాత్రం ప్రతి రాయీ ఉన్నదున్నట్టు చదువుతానని పాస్టరుకు చెప్పాడు. చదివాడు.

"ఇతని ఎడమ ప్రక్కను ఇతని భార్య సంతోషమ్మ నిద్రించుచున్నది."

కమలకుమారి ఏడ్చింది. "నాన్నకు వాళ్లమ్మ ఎక్కడుందో తెలీదండీ. ఊరవతల ఎక్కడో అందరితో కలిపి పూడ్చారేమో అనుకున్నాడు ఇన్నేళ్లూ."

తలవైపు నిలబెట్టిన రాయి అది. మనిషి వెల్లకిలా పడుకుంటే ఎడమ పక్క ఎటో తోటలో అందరికీ తెలుసు. కృష్ణమ్మ గిన్నె పట్టుకుని లేచి, పక్కకు జరిగింది. తాను కూర్చున్న చోటును చూసింది.

"ఇన్నేండ్లు ఆమె మీదనే కూసున్ననా?" అంది.

కృష్ణమ్మ ఆ మాట ఎందుకన్నదో కమలకుమారికి తెలియలేదు. ఆమె రాసుకోవడం ముగించి, తండ్రికి టెలిగ్రాం ఇస్తానని వెళ్లింది.

ఆనందరావు ఎల్లప్పను ఇంకో జాగ చూడమన్నాడు. ఎల్లప్ప గడ్డపార తెచ్చి సాయిలుకు ఎడమపక్క రెండు చోట్ల పొడిచాడు. రెండు చోట్లా రాయి ఖంగుమంది.

"మొత్తం బండనే భాయ్. గేటు కాడ ఒక్క జాగ ఉన్నది. గంతే."

"గేటు కాడనా?" అంది కృష్ణమ్మ. "వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు సలాం కొట్టుకుంట పండాలెనా నేను?"

"మరేం జేద్దం అమ్మా? పాత గుంట తవ్వొచ్చు. ఆమె ఒక్కతే ఉన్నది గద. ఆమె బొక్కలేరి బట్టల మూటగట్టి నీ కాళ్లకాడ పెడ్తం. గని ఆ ఇంటోళ్లు ఒప్పుకోవాలె. పాస్టరయ్యకు వాళ్లే చెప్పాలె."

"నోరు మూసుకో ఎల్లప్పా. ఆ పిల్ల ముంగట అన్నవంటే చూడు."

ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె పట్టాల వెంట ముందు నడిచింది. సాయిలు ఉన్న రోజుల్లో ఆ పట్టాల మీద ఆమె రోజూ అతనికి సద్ది తీసుకెళ్లేది. అతను సుత్తెతో పట్టా మీద ఒక దెబ్బ కొట్టి తానెక్కడున్నాడో తెలిపేవాడు. ఆమె ఆ చప్పుడు విని నడిచేది. ఆనందరావు ఆ సంగతి చాలాసార్లు విన్నాడు. ఆ రోజు ఆమె చెప్పలేదు.

"చదువు చెప్పిచ్చినందుకు మంచిగ చేసినవ్ కొడుకా," అంది కొంతదూరం పోయాక. "చదివి నా జాగ పోగొట్టినవ్."

"చదవకపోతే ఎట్లమ్మా?"

"చదవొద్దన్ననా? చదివినవ్, మంచిదే. ఆమె పేరు ఆమెకు రావాలె."

"నేను కమలమ్మను అడుగుత."

"అడుగకు." ఆమె ఆగి వెనక్కి తిరిగింది. "ఆ పిల్ల నాయనకు తల్లి ఇప్పుడే దొరికింది. దొరికిన తెల్లారే 'జర జరుగుమను, మా అమ్మ పండాలె' అంటవా? సిగ్గుండాలె."

ఆ వారమంతా ఆమె ఆ మాట ఎత్తలేదు. శనివారం సున్నం కలిపింది. సాయిలు దిమ్మకు పూసింది. పాత రాయికి పూయలేదు. అక్షరాలను గుడ్డతో తుడిచింది.

ఈస్టరు రోజు చీకటి ఉండగానే జీవరత్నం కూతురితో వచ్చాడు. చేతిలో కర్ర ఉంది. బాపట్ల నుంచి రాత్రంతా బండిలో వచ్చాడు. తోటలో అప్పటికే జనం పాటలు పాడుతున్నారు. ఆనందరావు లాంతరు పట్టుకుని ఆయన్ను చివరి వరుసకు తీసుకెళ్లాడు. ఆయన రాయి మీది అక్షరాలను వేలితో తడిమి చదువుకున్నాడు. చివరి రెండు వరుసలు రెండుసార్లు చదివాడు. తరువాత చెప్పులు విప్పి నేల మీద కూర్చున్నాడు.

"రాయిని చూసుకున్నది మీరేనటగా అమ్మా," అన్నాడు కృష్ణమ్మతో.

"సున్నం పూసిన. గంతే సారూ. పేరు మూసేసింది గూడ నేనే."

"మూసేసి కాపాడారు. ఎండకూ వానకూ అక్షరం చెక్కుచెదరలేదు." ఆయన నేల వైపు చూపించాడు. "అమ్మ చుట్టూ సిమెంటు అరుగు కట్టిద్దామని అమ్మాయి అంటోంది."

ఎల్లప్ప కొవ్వొత్తులు అందిస్తూ పక్కనే ఉన్నాడు. "కట్టురి సార్. గని కడితే కృష్ణమ్మకు జాగ లేదు," అన్నాడు.

"ఓరి నీ!" అంది కృష్ణమ్మ.

"అనక తప్పుతదా? జాగ సంగతి పాస్టరయ్య గూడ అడిగిండు నన్ను."

జీవరత్నం ఆనందరావు వైపు చూశాడు. ఆనందరావు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: తండ్రి గుంట, అందులో నానమ్మ, అటు బండ, ఇటు పట్టి ఉంచుకున్న నేల, పాత గుంట తెరవాలంటే ఆ ఇంటివాళ్లు ఒప్పుకోవాలన్న నియమం.

"నాన్నా, ఇప్పుడేగా దొరికింది," అంది కమలకుమారి. "మళ్లీ తవ్వించడమా?"

"ఆ పిల్ల అన్నది నిజమే," అంది కృష్ణమ్మ. "వద్దు సారూ. మీ అమ్మను మీరు పెట్టుకోరి. నాకు గేటు కాడ మస్తు జాగ ఉన్నది. గాలి గూడ వస్తది."

జీవరత్నం కర్రను పక్కన పెట్టాడు. పక్క వరుసలో పాట ముగిసి ఇంకోటి మొదలైంది.

"మా అమ్మ గురించి నాకు గుర్తున్నది ఒక్కటే," అన్నాడు. "నాన్నకు దవాఖానాలో రాత్రి డ్యూటీ పడేది. అమ్మకు ఒంటరిగా పడుకోవాలంటే భయం. పక్క క్వార్టర్సులో ఒకామె ఉండేది, పేరు తెలియదు. నన్ను పంపి ఆమెను పిలిపించుకునేది. ఆమె వచ్చి, చాప వేసుకుని, అమ్మ పక్కన పడుకుని, తెల్లార్లూ కబుర్లు చెప్పేది. నేను వింటూ నిద్రపోయేవాణ్ని." ఆయన కూతురి వైపు తిరిగాడు. "అరుగు వద్దమ్మా. మాకు సమ్మతమేనని పాస్టరు గారితో నేను చెబుతాను."

కమలకుమారి తల ఊపింది.

"ఇగో సారూ, ముందే చెప్తున్న," అంది కృష్ణమ్మ. "నేను మస్తు మాట్లాడ్త. నిద్ర పట్టనియ్య."

"మరీ తొందరపడకండి."

"నాకేం తొందర? మనవరాలి పెండ్లి జెయ్యాలె. మీ అమ్మనే ఆగుతది."

ఆమె బుట్టలోని పూలను రెండు కుప్పలు చేసింది. మళ్లీ కలిపి మూడు చేసింది. ఒకటి సాయిలుకు పెట్టింది, ఒకటి రాయి ముందు పెట్టింది. మూడోది ఒళ్లో ఉంచుకుని జీవరత్నాన్ని అడిగింది.

"మీ అమ్మకు ఏ పూలిష్టం?"

"తెలీదమ్మా. ఆరేళ్లవాణ్ని."

"మల్లెలే ఉన్నయి నాకాడ." ఆమె వంగి వాటిని నేల మీద పరిచింది. "నచ్చకుంటే, నేను వచ్చినంక నాకే చెప్తదిలే."