గ్లాసు సంగతి

1951 మార్చి ఎనిమిది, గురువారం. ఆ మధ్యాహ్నం ఏమస్ బ్రియర్లీ ముందున్నది బంగాళదుంపతో కాల్చిన 'పై' అనే వంటకం, పక్కన వెనిగర్‌లో ఊరిన ఎర్ర క్యాబేజీ. పక్కింటి నోరా క్లెగ్ చేసి తెచ్చింది. రేషన్ మాంసం అందులో ఎక్కడో ఉందని ఆవిడ మాట, నమ్మాలి. మామూలుగా పళ్ళెం ఖాళీ చేసి గాని లేవని మనిషి, రెండుసార్లు నోట్లో పెట్టుకుని ఫోర్కు పక్కన పెట్టేశాడు.

"ఏం, ఉప్పెక్కువైందా?" అంది నోరా.

"పై బాగుంది. నా నోరే బాగాలేదు."

"నీ నోరు బాగుందనేగా రేడియో వాళ్ళు ఏరికోరి పట్టుకున్నారు! వీధి వీధంతా సాయంత్రం కోసం జుట్టుకి రింగులు చుట్టుకుని కూచుంది."

ఊరూరా తిరిగి మామూలు మనుషుల చేత కబుర్లు చెప్పించే కార్యక్రమం ఒకటి ఆ రాత్రి తమ ఊరు బార్డ్‌షా టౌన్‌హాలు నుంచి నేరుగా దేశమంతా వినిపించబోతోంది. ఏమస్‌ని పిలిచింది అతని పెళ్ళి కథ కోసం. నేతమిల్లులో మగ్గాల హోరుకి పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్ళు గొంతు వాడరు. పెదాలు పెద్దవి చేసి మాటని గాల్లో గీస్తారు. అవతలివాళ్ళు కళ్ళతో చదువుకుంటారు. ఏమస్ హెట్టీని పెళ్ళికి అడిగింది అలాగే, మగ్గాల వరసకి అటుపక్క నుంచి. షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఆ ప్రశ్న చదివేసి, జవాబు కోసం ఒక్కసారిగా ఆమె మొహం వైపు తిరిగారు.

పొద్దున రిహార్సల్లో ఆ కథే చెప్పాడు. హాల్లో రేడియో వాళ్ళూ, బ్యాండు వాళ్ళూ తప్ప ఊరివాళ్ళెవరూ లేరు. కార్యక్రమం నడిపే లయొనెల్ వాన్స్ అతని భుజం మీద చెయ్యేశాడు. తలనూనె వాసన, దాని మీద పిప్పరమెంటు వాసన. "మరి పోయేముందు ఆవిడ ఏమంది తాతా?" అని మెత్తగా అడిగాడు. హెట్టీ పోయి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అడిగేసరికి లోపలేదో కరిగింది. డాక్టరు మెట్లెక్కుతున్నాడని తెలిసి, గ్లాసులో ఉన్న కట్టుడుపళ్ళు పెట్టమందనీ, అదే ఆఖరి మాట అనీ చెప్పేశాడు.

బ్యాండు వాళ్ళు ఘొల్లున నవ్వారు. అంతలోనే క్లారినెట్ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"బంగారం!" అన్నాడు వాన్స్. "ముందు నవ్వు, వెనకే ఏడుపు. 'పళ్ళు' అనే ముందు కాస్త ఆగు తాతా. గుటక మింగు. ఏదీ, మళ్ళీ ఓసారి."

ఏమస్ మళ్ళీ చెప్పాడు. ఆగమన్న చోట ఆగాడు. గుటక మింగాడు. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. ఫోర్కు పక్కన పెట్టించింది అదే.

"నోరా, గ్లాసు సంగతి చెప్పేశాను," అన్నాడు.

నోరాకి ఏ గ్లాసో చెప్పక్కర్లేదు. హెట్టీకి ఆఖరి స్నానం చేయించి, పళ్ళు సర్ది, దవడకి గుడ్డ కట్టింది ఆవిడే. పళ్ళెం తన వైపు లాక్కుంది.

"ఇన్నేళ్ళు గోడ పక్క గోడ. నాకే ఎప్పుడూ చూపించలేదయ్యా, పళ్ళు లేని నోరు. ఓ పొద్దున తలుపు కొడితే లోపల్నించే రేపు రమ్మంది."

"నేను చూడ్డానికే ఆరేళ్ళు పట్టింది."

"అయితే వెళ్ళి ఆ ముక్క వద్దని చెప్పు. ఇవాళ దాకా అడ్డూ ఆపూ లేకుండా వాగావుగా, ఇప్పుడేం పోయింది నోరు?"

ఆవిడ వెళ్ళాక రేడియో పెట్టాడు. హెట్టీ ఉన్నప్పుడు ఇంట్లో పనులన్నీ దాన్ని బట్టే నడిచేవి: పొద్దుటి పాటలకి గిన్నెలు, మధ్యాహ్నం సీరియల్‌కి ఇస్త్రీ. ఫ్యాక్టరీ క్యాంటీన్ నుంచి హాస్యగాడెవరో మాట్లాడుతున్నాడు, కార్మికులు పడీపడీ నవ్వుతున్నారు. నిన్నటిదాకా ఏమస్ కూడా వాళ్ళతో నవ్వేవాడు. 'నవ్వండి' అని రాసిన అట్ట ఎత్తి పట్టుకునే మనిషిని ఇవాళ పొద్దున తన కళ్ళతో చూశాడు. ఆ తర్వాత సీరియల్లో ఎవరికో భర్త చనిపోయాడు. ఆ అమ్మాయి సరిగ్గా ఆగాల్సిన చోట ఆగింది. గుటక కూడా వినపడింది. ఏమస్ లేచి రేడియో కట్టేశాడు.

సాయంత్రం స్టేజీ వెనక వాన్స్‌ని పట్టుకున్నాడు. "ఆ పళ్ళ సంగతి వద్దండి. మగ్గాల దగ్గర కథ చెబుతాను, అంతే."

"నీ ఇష్టమే నా ఇష్టం తాతా," అన్నాడు వాన్స్, మళ్ళీ అదే భుజం నొక్కుతూ.

హాలు కిటకిటలాడిపోతోంది, సగానికి సగం మిల్లు జనం. ప్రసారం మొదలైందని ఎర్రదీపం వెలిగింది. మగ్గాల కథకి జనం అట్ట చూడకుండానే చప్పట్లు కొట్టారు. ఏమస్ కుర్చీలోంచి లేవబోయాడు. వాన్స్ చెయ్యి అతన్ని కిందికి నొక్కింది.

"పోయేముందు హెట్టీ ఏదో అడిగిందట కదా. మంచం పక్కన గ్లాసులో ఉండేదేదో... ఏంటి తాతా అది?"

ఏమస్‌కి అర్థమైంది. తను చెప్పకపోతే ఈ మనిషే చెప్పేస్తాడు. అప్పుడే పెదాలు తడుపుకుంటున్నాడు. అట్ట మనిషి అట్టని మోకాలి దాకా ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. ఏమస్ జనంలోకి చూశాడు. ముందు వరసలో నోరా, నీలం టోపీ కింద మొహమంతా నోరు చేసుకుని, మిల్లులో లాగే చప్పుడు లేకుండా అంటోంది: *నీళ్ళు*. అతను కదలకపోయేసరికి మళ్ళీ: *నీళ్ళు, మొద్దూ!*

"నీళ్ళండి," అన్నాడు ఏమస్. "దాహమేసి నీళ్ళడిగింది."

"ఉత్త నీళ్ళేనా? బాగా గుర్తు చేసుకో!"

"మా ఇంట్లో గ్లాసులో నీళ్ళే ఉంటాయండి. మీ ఇంట్లో ఏముంటాయో మరి."

హాలు పగలబడి నవ్వింది. వాన్స్ కూడా నవ్వాడు, పళ్ళతో మాత్రమే. బ్యాండు పాట అందుకుంది.

నోరా పక్కన కూచున్నవాళ్ళూ, మూల వరసల్లో ఉన్నవాళ్ళూ పుట్టిన దగ్గర్నుంచీ పెదాలు చదివినవాళ్ళే. నోరా పెదాల మీది ఆ మాట వాళ్ళలో ఎంతమంది కళ్ళపడిందో! బయటికొచ్చేటప్పుడు ఒక్కరూ ఏమీ అడగలేదు. ఒకాయన ఏమస్‌కి దారిచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

వాన్స్ మాత్రం వరండాలో ఎదురొచ్చి, "చేతికందిన దాన్ని చెడగొట్టావు, ముసలాడా," అని గొణిగి పోయాడు.

ఇంటికొచ్చి ఏమస్ ఉప్పునీళ్ళతో పుక్కిలించాడు. తడిగుడ్డతో కోటు భుజం తుడిచాడు. నూనె వాసన పోలేదు. కోటుని పెరట్లో తీగ మీద ఆరేసి వచ్చాడు. నోరా పొయ్యిలో బొగ్గులు సర్దుతోంది.

"దేశమంతటికీ అబద్ధం చెప్పాను."

"అడక్కూడనిది అడిగారు. అనుభవించనీ."

"అది కాదు నోరా. పొద్దున రెండోసారి చెప్పమంటే... చెప్పాను చూడు. బాగా చెప్పాను."

నోరా పొయ్యికి అడ్డు పెట్టి, అతని చెప్పులు వెచ్చగా ఉండేలా దగ్గరికి జరిపింది.

"టీ మూతపెట్టి ఉంచాను. తాగి పడుకో."

గడప దాటి, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, తలుపు మెల్లగా దగ్గరికి లాగింది.