పెడల్ పలకని రోజు

ఆమె చెప్పులు విడిచి, కుర్చీ పక్కకు జరిపి, బల్ల కిందికి దూరింది. రుమాలుతో చేతులు తుడుచుకుని గోడ బోర్డులో ఒక ప్లగ్గు పెట్టింది. కాస్త వెనక్కి జరిగి, పొగేమీ రావడం లేదని చూసుకున్నాక రెండోది పెట్టింది. చివరగా పెడల్ తీగను తీసుకుని కంప్యూటర్ పెట్టెకు ముందువైపున్న యూఎస్‌బీ రంధ్రంలో దోపింది. ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమె పని రోజూ ఇలాగే మొదలవుతుంది. సాయంత్రం ఇదంతా తిరగేసి చేస్తుంది. అన్నీ పీకి, తీగలు చుట్టి బల్ల మీద పెట్టి, తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూసి, అప్పుడు ఇంటికి బయలుదేరుతుంది. మనుషుల్లేని గదిలో ప్లగ్గు ఉండగూడదని ఆమె నియమం. ఎక్కడో ఒక ఇల్లు రాత్రికి రాత్రి కాలిపోయిందని ఎప్పుడో విన్నది. అది ఎవరి ఇల్లో ఆమెకు తెలియదు.

పెడల్ అంటే కుట్టు మిషనుది కాదు. అరచేయి కంటే కాస్త పెద్దదైన నల్లటి పలక, పాదం కింద ఉంటుంది. డాక్టర్లు రోగిని చూసి తమ ఫోనుల్లో చెప్పి వదిలేసిన మాటలను ఆమె ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వింటూ టైపు చేస్తుంది. పాదం ముందు భాగంతో నొక్కితే మాట నడుస్తుంది. ఎత్తితే ఆగుతుంది. మడమతో నొక్కితే వెనక్కి వెళ్ళి అదే మాట మళ్ళీ చెబుతుంది. చేతులు కీబోర్డును వదలక్కర్లేదు. డాక్టర్ల ముఖాలు ఆమెకు పెద్దగా తెలియవు. ప్రతి వాక్యం చివరా దగ్గే ఆయనకు దగ్గు డాక్టరనీ, ఊపిరి తీసుకోకుండా మాట్లాడే ఆవిడకు గబగబ డాక్టరమ్మ అనీ పేర్లు పెట్టుకుంది. వాళ్ళు వరండాలో ఎదురైతే నోరు తెరిచేదాకా పోల్చుకోలేదు.

ఆమె భర్త ఈ ఆసుపత్రిలోనే స్ట్రెచర్లు తోసేవాడు. చిన్న జ్వరమే కదా అని ఒకరోజు డ్యూటీకి వెళ్ళాడు. ఆ వారం దాటలేదు. తరువాత ఆమెకు టైపు నేర్పించి ఈ గదిలో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి రోజంతా చిన్నగా మొదలై పెద్దవైన జబ్బులను టైపు చేస్తూనే ఉంది. మూడు వారాలుగా దగ్గు. నెలగా ఆకలి లేదు. అప్పుడప్పుడూ కళ్ళు తిరగడం. ఇంట్లో కూతురు వరుసగా రెండుసార్లు తుమ్మితే చాలు, వెనకనుంచి వచ్చి నుదురు తాకి చూసేది. కూతురు ఏదైనా గొణిగితే ఆమె మడమ తనంతట తానే నేలను నొక్కేది.

"అమ్మా, నేను రికార్డింగుని కాదు, వెనక్కి వెళ్ళను. వినపడకపోతే ఏంటీ అని అడుగు" అనేది కూతురు.

ఆ కూతురు ఈ సాయంత్రం రైలెక్కుతోంది. ఫైర్ సర్వీసులో ఎంపికై శిక్షణకు వెళుతోంది. పరీక్ష రాసిన సంగతి ఎంపికయ్యేదాకా ఇంట్లో చెప్పలేదు.

"ఇన్ని ఉద్యోగాలుండగా మంటల్లో దూకేదే దొరికిందా నీకు?" అని ఆమె పొయ్యి ఆపి మరీ అడిగింది.

"దూకరమ్మా, ఆర్పుతారు. చిన్నప్పటి నుంచి ప్లగ్గులు పీకించి పీకించి సగం ట్రైనింగు నువ్వే ఇచ్చావు. మిగతా సగానికి వెళ్తున్నా."

రైలు అయిదున్నరకు. మూడింటికల్లా పని ముగించి ఇంటికెళ్ళి, కూతుర్ని తనే స్టేషనుకు తీసుకెళ్ళాలని ఆమె అనుకుంది. సీటులో కూర్చోబెట్టాలి. ఎదురుగా ఎవరున్నారో చూడాలి. కిటికీ గడియ పడుతోందో లేదో చూడాలి. రైలు పెట్టెలో ఎవరైనా ఆడమనిషి ఉంటే, మా పిల్ల ఒక్కతే వెళుతోంది, కాస్త చూస్తూ ఉండండి అని చెప్పాలి. కానీ రేపు ఆపరేషన్లున్న వాళ్ళ నివేదికలు ఇవాళే పైకి వెళ్ళాలి. నివేదిక లేకపోతే మత్తు డాక్టరు ఒప్పుకోడు, రోగి మంచం మీద ఇంకో రోజు ఎదురుచూడాలి. ఆ పని వదిలి వెళ్ళడం కుదరదు.

ఆమె కుర్చీలో కూర్చుని పెడల్ నొక్కింది. చెవుల్లో ఏమీ వినపడలేదు. మళ్ళీ నొక్కింది. తెర మూలన చిన్న గడి పైకి లేచింది. ఈ యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించలేకపోయాను అని కంప్యూటర్ చెప్పింది.

నిన్న సాయంత్రం దాకా గుర్తున్నది ఇవాళ గుర్తులేకపోవడమేమిటి? ఆమె తీగ పీకి మళ్ళీ పెట్టింది. టుడుం అని ఒక శబ్దం వచ్చింది, కాసేపటికి అదే శబ్దం కిందికి దిగినట్టు వచ్చింది, మళ్ళీ అదే గడి. మతిమరుపు రోగుల నివేదికలు ఆమె ఎన్నో టైపు చేసింది. అవి కూడా ఇలాగే, ఒక చిన్న వస్తువుతోనే మొదలవుతాయి. ఇవాళ పెడల్, రేపు కీబోర్డు, తరువాత ఇన్నేళ్ళ నివేదికలన్నీ కలిపి మరిచిపోతే? అప్పుడు అందరూ తనవైపే చూస్తారు. చివరిగా ముట్టుకున్నది ఎవరంటే తనే.

ఆసుపత్రిలో కంప్యూటర్లు బాగుచేసే అతన్ని అందరూ రీస్టార్టు అని పిలుస్తారు. ఏ సమస్య చెప్పినా మొదట ఆ మాటే అంటాడు కాబట్టి. ఎదురుగా కూడా అలాగే పిలుస్తారు, పలుకుతాడు. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, చెవి మీద పెన్సిలు.

"అక్కా, ఒకసారి ఆపి ఆన్ చేశారా?"

"చేశాను తమ్ముడూ. వైరసేమో అని భయంగా ఉంది."

"మీకు ఏం చూసినా వైరసే. మొన్న ఎలుకను చూసి కూడా అదే అన్నారు."

అతను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పెడల్‌ను వెనకవైపు రంధ్రంలో పెట్టాడు. అదే గడి. ఆమె మౌసును పీకి, పెడల్ ఉన్న రంధ్రంలో పెట్టాడు. మౌసు చక్కగా కదిలింది. "రంధ్రం తప్పేం లేదు" అన్నాడు. కంప్యూటర్‌లో పెడల్ పేరు వెతికి తీసేసి, మళ్ళీ చేర్చి, రీస్టార్టు చేశాడు. ఫలితం లేదు. తన సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి పెడల్‌ను దానికి తగిలించాడు. అదీ గుర్తుపట్టలేదు.

"కంప్యూటర్‌కి జబ్బేం లేదక్కా. జబ్బు దీనికే."

తీగను వేళ్ళ మధ్య పెట్టి చివరిదాకా నెమ్మదిగా నడిపించాడు. ప్లగ్గు తల దగ్గర, రబ్బరు తొడుగు మొదలయ్యే చోట, తీగ మెత్తగా వంగింది. అక్కడ వంచి పట్టుకోగానే టుడుం అంది. వదలగానే పోయింది.

"మెడ దగ్గర లోపలి తీగ తెగింది. అక్కా, రోజూ పీకుతారా దీన్ని?"

"పీకకుండా ఎలా పోతాం?"

"తల పట్టుకుని పీకుతారా, తీగ పట్టుకుని పీకుతారా?"

ఆమె తీగ వైపు చూసింది. "తీగ పట్టుకునే. తల దగ్గర చెయ్యి పెడితే షాక్ కొడుతుంది కదా. దూరం నుంచే లాగుతాను."

రీస్టార్టు నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "కొత్తది స్టోరులో రాయించాలి. రేపొస్తుంది. ఇవాళ్టికి ఇలా వంచి టేపు చుడతాను" అని చుట్టాడు. ఆమె పాదం కదిలినప్పుడల్లా తీగ కదిలి, టేపు లోపల తెగినది మళ్ళీ విడిపోయింది. రెండుసార్లు మార్చి చుట్టాడు. ఇంతలో రక్తనిధి వాళ్ళు లేబుళ్ళ ప్రింటరు ఆగిపోయిందని పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఆమె పెడల్ లేకుండానే మొదలుపెట్టింది. మౌసుతో నడిపించడం, కీబోర్డు మీదికి రావడం, నాలుగు మాటలు కొట్టడం, మళ్ళీ మౌసుకు వెళ్ళి ఆపడం. అంతలోనే గబగబ డాక్టరమ్మ కాలేయం దాటి మూత్రపిండాల్లోకి వెళ్ళిపోయేది. పాదం ఖాళీ నేలను నొక్కుతూనే ఉంది. మూడు గంటలయింది. ఇంకా సగం మిగిలింది. ఫోను మోగింది, తీయలేదు. మామూలుగా అటునుంచి తీయకపోవడం జరుగుతుంది. ఆమె గంటగంటకూ చేస్తుంది కాబట్టి కూతురు మూడుసార్లకు ఒకసారి తీస్తుంది.

తలుపు దగ్గర చక్రాల పెట్టె ఆగిన శబ్దం వినపడింది.

"ఫోను తీయకపోతే నీకేమైందో అని వచ్చా" అంది కూతురు. "చూశావా, నీ భయం నాక్కూడా పట్టుకుంది."

ఆమె తల తిప్పి చూసింది. పిల్ల జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది. పొద్దున జడ వేసింది తనే.

"హెల్మెట్‌లో పట్టదటమ్మా. రమ్మన్నప్పుడే చెప్పారు. ముందే చెబితే నువ్వు..." అని ఆపేసింది. "ఏంటి, ఇంకా కాలేదా?"

ఆమె పెడల్ సంగతి చెప్పింది. కూతురు బల్ల కిందికి వంగి టేపు విప్పి, మెడ దగ్గర పట్టుకుని అటూ ఇటూ వంచింది.

"ముట్టుకోకు! షాక్ కొడుతుంది!"

"అయిదు వోల్టులమ్మా. చీమ కుట్టినంత కూడా ఉండదు." టుడుం అంది కంప్యూటర్. "ఇదిగో, దొరికింది. నేనిలా పట్టుకుంటా. నువ్వు కానియ్."

"వద్దు. చెయ్యి తియ్యి."

"అమ్మా. కానియ్."

ఆమె పాదం నొక్కింది. దగ్గు డాక్టరు మాట్లాడాడు.

కూతురు బల్ల కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, రెండు వేళ్ళతో తీగను ఒకే వంపులో పట్టుకుంది. ముక్కు మీద దుమ్ము పడితే భుజానికి రుద్దుకుంది, వేళ్ళు కదపలేదు. ఆమె పాదం ఆ పిల్ల మోకాలికి జానెడు దూరంలో లేస్తూ, దిగుతూ ఉంది. కిందికి చూసినప్పుడు కత్తిరించిన జుట్టు కింద మెడ కనిపించింది. దాని మీద ఒక పుట్టుమచ్చ. రోజూ జడ వేస్తున్నా, చిన్నప్పటి తరువాత దాన్ని ఆమె గమనించలేదు. వేళ్ళు టైపు చేస్తూనే ఉన్నాయి.

"ఏం చెప్తున్నాడు ఆయన?" అంది కూతురు.

"ఎవరో అమ్మాయికి పిత్తాశయంలో రాళ్ళు. తీసేస్తారు."

"అంతేనా?"

"అంతే."

ఒక జబ్బు గురించి ఆమె అంతే అనడం కూతురు ఎప్పుడూ వినలేదు. తలెత్తి చూసింది.

నివేదికలు ఒక్కొక్కటే పైకి వెళ్ళిపోయాయి. ఒకటి మిగిలింది. పొడుగాటిది, గబగబ డాక్టరమ్మది. రేపు పొద్దున మొదట ఆపరేషను బల్ల ఎక్కే మనిషిది. కూతురు రెండో చేత్తో ఫోను తీసి టైము చూసింది.

"ఎంతసేపు పడుతుంది?"

"అరగంట పైనే."

"రైలు పోతుందమ్మా."

"తెలుసు."

కూతురు ఫోను జేబులో పెట్టుకుంది.

"మరి వదిలేస్తున్నా" అంది కూతురు.

"వదిలెయ్."

శబ్దం కిందికి దిగినట్టు వచ్చింది. తెర మూలన గడి పైకి లేచింది. కూతురు బల్ల కిందనుంచి వచ్చి, తిమ్మిరెక్కిన కాలును నేలకేసి కొట్టి, పెట్టె పిడి పైకి లాగింది. స్టేషనులో చెప్పాలని ఆమె పొద్దున్నుంచీ పోగేసుకున్నవి చాలా ఉన్నాయి. తాళాల గురించి, కొత్త నీళ్ళ గురించి, నిచ్చెన ఎక్కేటప్పుడు కిందికి చూడకపోవడం గురించి.

"చెయ్యి కడుక్కో. బల్ల కింద అంతా దుమ్ము" అంది.

"రైల్లో కడుక్కుంటాలే."

కూతురు వంగి తల్లి నుదురు తాకి చూసింది, జ్వరం చూసినట్టు. "బానే ఉన్నావు" అని వెళ్ళింది. వరండాలో పలకల గీతల మీద చక్రాలు టకటకమన్నాయి. ఆమె ఒక చెవి ఖాళీ ఉంచుకుని అవి వినపడినంతసేపూ వింది. తరువాత రెండో చెవి కూడా మూసి, మౌసు మీద చెయ్యి వేసింది. గంట పట్టింది. నివేదిక తప్పుల్లేకుండా పైకి వెళ్ళింది.

బయటికి వచ్చేసరికి వెలుతురు ఇంకా ఉంది. బస్సులో ఫోను చూసుకుంది. కూతురు రాసింది. "సీటు దొరికింది. ఎదురుగా పెద్దావిడ. కిటికీ గడియ పడుతోంది. నువ్వు అడక్కముందే చెప్తున్నా." ఆమె చదివి, ఏదో పొడుగ్గా రాయబోయి, చెరిపి, సరే అని పంపింది. మళ్ళీ ఫోను చేయలేదు.

ఇంటి తాళం తీసి, గ్యాసు చూసి, ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. కుళాయి మెడకు, పొద్దున కూతురి జడకు తను వేసిన జుట్టు రబ్బరు తొడిగి ఉంది, అందులో చిక్కుకున్న రెండు పొడవాటి వెంట్రుకలు ఇంకా ఆరలేదు.