మామిడిపండు దఫా

వకీలు కాశీనాథానికి శాసనసభల జాగ ఓట్లతోటి దొరికింది కాదు. సర్కారే పేరు రాసుకున్నది. అది పందొమ్మిది వందల నలభై ఏడు ఎండకాలం. మెంబరైనంక ఊకె కూసుంటే సిద్దిపేటల పరువు పోతదని, తన పేరు మీద ఒక చట్టం రావాలెనని ఆయనకు బుద్ధి పుట్టింది. ఏ చట్టమో ఆయనకే తెల్వదు. "మనోళ్లకు ఎవలకు నష్టం గావద్దు" అని మాత్రం అన్నడు.

సర్కారు బడులల్ల బొమ్మలు, పాటలు నేర్పే చట్టం తెద్దామని గుమాస్తా రాంచందర్ చెప్పిండు. తన వంశంల బీఏ దాక చదివిన మొదటోడు రాంచందరే. వకీలు సరేనన్నడు. బొమ్మలతోటి ఎవల భూమి పోదు గదా.

రాంచందర్ పదిహేను దినాలు కూసోని సర్కారు భాష ఉర్దూల మసూదా, అంటే చట్టం చిత్తుప్రతి, రాసిండు. అండ్ల మూడో దఫా, అంటే మూడో సెక్షను, మీదనే అతని పానం. 'పరీక్ష పాసైన సనదు లేకున్నా, పని చేసి చూపినోన్ని పంతులుగ పెట్టుకోవచ్చు.' ఈ ఒక్క మాట దేవరాజు కోసం రాసింది. దేవరాజు మద్దూరు దిక్కు నకాశీ పనోడు, కథలు చెప్పెటోళ్లకు గుడ్డ మీద పటాలు రాసిచ్చేటోడు. ఇప్పుడు పటాలు అడిగెటోళ్లు లేరు. బడిల నౌకరి దొరికితే చేతిల కుంచె ఉంటది, లేకుంటే అన్నతోటి కొండపాకల కూలికి పోవాలె.

మసూదా చూసుటానికి వకీలు ఇంట్ల ముగ్గురు పెద్దమనుషులు కూసున్నరు. ఒకరు వకీలు. ఒకరు నారాయణరావుపేట భూస్వామి విశ్వేశ్వర్. మూడో ఆయన వకీలు అల్లుడు రాధాకిషన్. రెండేండ్ల సంది అత్తగారింట్లనే తింటుండు, ఏదో డ్రాయింగ్ పరీక్ష పాసైన సనదు మాత్రం అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నడు.

"సనదు లేనోడు ఏం గీస్తడో చూద్దాం" అని విశ్వేశ్వర్ అంటే దేవరాజును పిలిపించిన్రు.

"ఏదన్న గియ్యి."

"గుడ్డ తయారు జెయ్యాలె దొరా. గంజి పెట్టాలె, సుద్దమన్ను పూయాలె, ఎండాలె. మూడొద్దులైతది."

"మూడొద్దులా? మూడొద్దులల్ల నేను పదెకరాలు దున్నుత."

నాగలి ఏ కొస పట్టుకుంటరో ఈయనకు తెలుసా అనుకున్నడు రాంచందర్.

గుడ్డ లేకుంటే కాగితం ఇచ్చిన్రు. దేవరాజు కుంచె సిరాల ముంచి, ఎక్కడ ఆపకుండ ఒక గుర్రాన్ని గీసిండు. తోక కాడ చెయ్యి లేపిండు. అంతే.

విశ్వేశ్వర్ వంగి చూసిండు. "పెన్సిల్ లేకుండనా? తప్పు పోతే ఏం జేస్తవ్?"

"తప్పు పోదు దొరా."

"అబ్బో, తప్పు పోదంట. ఎంత పొగరో చూసిన్రా?"

తరువాత అల్లుడు మామిడిపండు గీసిండు. ఐదు మాట్ల తుడిసిండు, ఆరో మాటుకు అది వంకాయ లెక్క గాకుండ కుదిరింది. ఆకు గూడ ఏసిండని అందరు మెచ్చుకున్నరు.

"పిల్లలకు తుడుసుడు రావాలె గదా" అన్నడు వకీలు, పెద్ద సత్యం దొరికినట్టు. "రాసుకో రాంచందర్. చిత్రలేఖనమంటే కాగితం మీద పెన్సిల్‌తోటి గీసి, రబ్బరుతోటి దిద్దేది. నేర్పెటోనికి సనదు ఉండాలె. నీ మూడో దఫా కొట్టెయ్యి, గీ దఫా పెట్టు."

"అది కొట్టేస్తే చట్టంల ఏం మిగలదు వకీల్ సాబ్. జిల్లాల గీ సనదు ఉన్నది మీ అల్లునికొక్కనికే."

"నీది రాసే పని. ఆలోచన మాకు ఇడిసిపెట్టు. కారణాలు గూడ రాయి, కారణాలు లేకుంటే సభల తీసుకోరు."

రాంచందర్ చెప్పిన పని ఎగ్గొట్టే మనిషి కాదు. కారణాలు రాసిండు. దేవరాజు గుర్రం తప్పు లేకుండ గీసిండని, అందుకే పెద్దలకు నచ్చలేదని రాసిండు. మెంబరుగారి అల్లుడు మామిడిపండు ఆరు మాట్లల్ల గీసిండని, ఈ దఫా అతని నౌకరి కోసమేనని రాసిండు. వాళ్లన్నది వాళ్లన్నట్టే పెట్టిండు.

"చదివి వినిపిస్త సాబ్."

"నా బిరుదులు సరిగ రాసినవా?"

"రాసిన. కారణాలు ఒక్కసారి వినున్రి."

"బిరుదులు సరిగుంటే చాలు" అని వకీలు దస్కతు పెట్టిండు. రాంచందర్ ఇంకోసారి అడిగిండు. వకీలు పాన్ నములుకుంట చెయ్యి ఊపిండు.

బయట అరుగు మీద దేవరాజు కుంచెలు గుడ్డల చుడుతుండు.

"నీ దఫా పోయింది కాకా."

"పోతదని గుర్రం అయినంక వాళ్ల మొకాలు చూస్తనే తెలిసింది. రేపటి సంది కూలికి పోత." ఆగి, "నువ్వేం రాసినవు బిడ్డా?" అన్నడు.

రాంచందర్ చెప్పిండు. దేవరాజు నవ్వలేదు. "నీ నౌకరి గూడ పోతది" అన్నడు.

"పోతది."

తెల్లారి వకీలు రెండు పూలదండలేసుకోని హైదరాబాద్ మోటరు ఎక్కిండు. కిటికీల నుంచి తల పెట్టి, "నీ రాత ముత్యాల లెక్కుంటది రాంచందర్, సభల మెచ్చుకోవాలె" అన్నడు.

"మీరే నిలబడి చదువుతరు గదా సాబ్. మెల్లగ చదవున్రి, అందరికి వినబడాలె" అని రాంచందర్ మసూదా ఉన్న సంచి లోపలికి అందిచ్చిండు.