అందరిలో నువ్వున్నావా?

బంగాళాదుంపల తొక్క తీస్తూ నెలిడా మనసులోనే ప్రసంగం అప్పజెప్పుకుంటోంది. "గౌరవనీయులైన..." అని మొదలుపెట్టి, ఛీ, మేడంతో నేనెప్పుడైనా ఇలా మాట్లాడానా అనుకుని ఆపేసింది. ఈలోగా సూపు పొంగింది. మంట తగ్గించి మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దుట్నుంచీ చెయ్యి ఒకచోట, మనసొకచోట.

ఆ మధ్యాహ్నం కొచబాంబా పట్నంలో, తను చదివిన కాలేజీలో, విద్యార్థుల కష్టసుఖాలు విని సలహాలిచ్చే కౌన్సిలర్ సెవెరినా మేడం వీడ్కోలు సభ. పాత విద్యార్థుల తరఫున మాట్లాడమని నెలిడాకు కబురొచ్చింది.

"ఆవిడేమన్నా పాఠాలు చెప్పిందా?" అంది అత్తగారు దోన్యా ఫెలీసా, మిరపకాయలూ టమాటాలూ నూరుతూ. "పిల్లల్ని కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేది. దానిక్కూడా సన్మానమా?"

"పోన్లేమ్మా, అందరం వెళ్దాం," అన్నాడు భర్త రుఫీనో, ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కా నెలిడా భుజం మీద పడేస్తూ. "పెళ్ళాన్ని చదివించిన మొగుడు ఎలా ఉంటాడో వాళ్ళూ చూస్తారు."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. చుట్టాలు వచ్చినా, క్లినిక్‌లో తనకు ల్యాబ్ ఉద్యోగం వచ్చినా, అత్తగారిది మావాడు చదివించాడనే మాటే. నెలిడా నవ్వేది. నవ్వీ నవ్వీ ఆ నవ్వు మొహానికి అంటుకుపోయింది. చదివించడమంటే ఏమిటి? వంట ముగించి, మెట్లు కడిగి, కాలేజీకి పరిగెడుతుంటే వెళ్ళొద్దనకపోవడమా? అనలేదా మరి? రెండో ఏడు కడుపుతో ఉన్నప్పుడు, "ఇంక చాల్లే, కాలేజీలో పేరు తీయించుకుని రా," అన్నదెవరు?

తీయించుకోవడానికే వెళ్ళింది ఆ రోజు. "అలాగే తీయిద్దాం, ముందు కూర్చో," అన్నారు సెవెరినా మేడం, వేడి మొక్కజొన్న జావ గ్లాసు చేతికిస్తూ. "మానెయ్యాలని ఎవరికుంది?"

"ఇంట్లో అందరికీనండీ."

"అందరిలో నువ్వున్నావా?"

నెలిడాకు ఏడుపొచ్చింది. మేడం ఊరుకోమనలేదు. తనే ఊరుకున్నాక, "వెళ్ళి క్లాసులో వెనక బెంచీలో కూర్చో. రేపు మళ్ళీ రా, మాట్లాడుకుందాం," అన్నారు. ఆ రేపు చదువయ్యేదాకా సాగింది. పాప పుట్టాక పరీక్షలప్పుడు ఎత్తుకుని వరండాలో తిరిగింది ఆవిడే. పాలు కారి జాకెట్టు తడిసిపోతే, తన శాలువా కప్పి హాల్లోకి పంపిందీ ఆవిడే.

సభలో ప్రిన్సిపాల్, "భర్త ప్రోత్సాహంతో చదువుకున్న నెలిడా," అని పిలిచాడు. ముందు వరసలో రుఫీనో చొక్కా సర్దుకున్నాడు. మైకు ముందు నిలబడేసరికి అనుకున్నదంతా ఎగిరిపోయింది.

"మేడం కబుర్లు చెప్పేవారంటారు," అంది. "చెప్పేదాన్ని నేను. ఆవిడ వినేవారు. అంతకుముందు నా మాట విన్నవాళ్ళు లేరు." వరండా గురించీ, శాలువా గురించీ చెప్పింది. ఆ ప్రశ్న గురించి చెప్పింది. "ఈ చదువు ఎవరి చలవంటే, ఈవిడదేనండీ."

మేడం లేచొచ్చి గట్టిగా వాటేసుకున్నారు. "ఏమిటే, ఒణికిపోతున్నావు?"

"ఇంటికెళ్ళాలి కదండీ."

మేడం నవ్వలేదు. "నేను రిటైరైంది ఉద్యోగానికే. ఏ వేళైనా ఫోన్ చెయ్యి," అన్నారు.

తిరుగు వ్యానులో దోన్యా ఫెలీసా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చివరికి రుఫీనోయే, గొంతు తగ్గించి, "అంతసేపు మాట్లాడావు. నా పేరు ఒక్కసారైనా రాలేదే?" అన్నాడు.

కోపం కన్నా బాధే వినిపించింది ఆ గొంతులో. అందుకే నెలిడా తొందరపడలేదు. పెళ్ళినాటి నుంచీ ఏళ్ళన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. పరీక్షల రోజులు, పురిటి రోజులు, పుస్తకం ముందు కునికిపాట్లు పడిన సాయంత్రాలు. ఒక్క చోటన్నా కనిపిస్తాడేమోనని ఆశగానే చూసింది.

"వెతికాను రుఫీనో," అంది. "మైకు ముందు నిలబడీ వెతికాను, ఇప్పుడూ వెతికాను. ఎక్కడా దొరకలేదు."